గడ్డి మందును రాష్ట్రం ఆపగలదా? 60 రోజుల నిషేధం వెనకున్న లెక్క

పొదలకూరులోనో పొదిలిలోనో మందుల షాపుకెళ్లి "పారాక్వాట్ ఇవ్వండి" అని అడిగేవాళ్లు తక్కువ. "గడ్డి మందు ఇవ్వన్నా" అంటారు. షాపాయన తిరిగి ఒక మాట అడుగుతాడు: "పైన మాడేదా, వేరుతో చచ్చేదా?" పైన మాడేదంటే పారాక్వాట్, వేరుదాకా దిగేదంటే గ్లైఫోసేట్. రెంటికీ వాడుకలో పేరు ఒక్కటే. అందుకే "గడ్డి మందుపై నిషేధం" అని వార్త వచ్చినప్పుడల్లా అయోమయం మొదలవుతుంది. ఆపింది దేన్ని? ఎన్నాళ్లు? ఆపితే షాపులో ఎలా దొరుకుతోంది?

ఈ ప్రశ్నలకు టీ కొట్టు దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. ముఖ్యమంత్రి తలుచుకుంటే ఒక్క జీవోతో పోతుందని ఒకరు, అదంతా ఢిల్లీ చేతిలో పని అని ఇంకొకరు. రెండూ సగం సగం నిజాలే. మిగతా సగం ఎక్కడుందో చూడాలంటే ముందు ఆ మందుల దగ్గరికే వెళ్లాలి.

రెండు గడ్డి మందులు, రెండు రకాల భయాలు

పారాక్వాట్ తగిలిన చోటే పనిచేస్తుంది. ఎండ బాగా ఉంటే తెల్లారేసరికి గట్టు మీద గడ్డి ఎండుగడ్డిలా కనపడుతుంది. వేరుకు దిగదు కాబట్టి తుంగ, గరిక కొన్నాళ్లకు మళ్లీ చిగురేస్తాయి. రైతుకు నచ్చేది దాని వేగం. మనిషి ఒంట్లోకి పోతే మాత్రం కథ వేరు. కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపడేలా చేస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. డాక్టర్లు దీన్ని మిగతా మందులతో కలిపి చూడొద్దని పట్టుబట్టేది ఇందుకే. స్విట్జర్లాండ్ 1989లోనే దీన్ని ఆపేసింది. 2007లో యూరోపియన్ యూనియన్ కోర్టు దీనికిచ్చిన అనుమతిని కొట్టేసింది.

డబ్బా మీద రంగు త్రికోణం చూసి ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్లకు ఇక్కడొక తిరకాసు ఉంది. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులు. ప్రయోగశాలలో జంతువులకు ఒక్కసారి ఎంత ఇస్తే వాటిలో సగం చనిపోతాయన్న లెక్క మీద ఆ రంగు పడుతుంది. కిలో బరువుకు 1 నుంచి 50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు. మోనోక్రోటోఫాస్, మనవాళ్ల మాటలో "మోనో", ఎరుపు. పారాక్వాట్ పసుపు. అంటే కాగితం మీద పారాక్వాటే కాస్త నయం. విరుగుడు ఉందా లేదా, ఆస్పత్రికి చేరాక బతికే అవకాశమెంత అన్నవి ఆ రంగులో కనపడవు.

గ్లైఫోసేట్ మీద గొడవ ఇంకో రకం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని "క్యాన్సర్ కలిగించే అవకాశం బహుశా ఉన్న" వాటిలో చేర్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల బృందం, తిండి ద్వారా ఒంట్లోకి చేరే మోతాదుతో ఆ ముప్పు ఉండకపోవచ్చని చెప్పింది. వింటే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టుంటుంది గానీ వాళ్లు జవాబు చెప్పిన ప్రశ్నలే వేరు. ఈ పదార్థానికి ఆ గుణం ఉందా అన్నది మొదటిది. మనం తినే పాళ్లలో అది ముప్పవుతుందా అన్నది రెండోది.

మన దేశంలో గ్లైఫోసేట్‌కు తేయాకు తోటల్లోనూ, పంట లేని నేలల్లోనూ వాడటానికే అనుమతి ఉంది. నిమ్మ ఆ జాబితాలో లేదు, పత్తి లేదు. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ తోటల్లో పాదుల మధ్య ఎవరైనా కొడుతుంటే అది అనుమతి లేని వాడకమే. 2022 అక్టోబరులో కేంద్రం మరో మెలిక పెట్టింది: లైసెన్సున్న తెగుళ్ల నివారణ ఆపరేటర్లు తప్ప ఎవరూ గ్లైఫోసేట్ కొట్టకూడదు. అపార్ట్‌మెంట్లకు చెదల మందు కొట్టడానికి వచ్చేవాళ్లుంటారే, ఆ కోవకు చెందిన లైసెన్సు అది. పల్లెలో అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడన్నది ఆ ఉత్తర్వు చదివిన ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం.

కలుపు మందు పురుగుమందుల చట్టం కిందికి ఎలా వచ్చింది

1958లో కేరళలో ఓడలో వచ్చిన గోధుమపిండి, పంచదారల్లో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాత జరిగిన విచారణలు, సిఫార్సుల దారిలోనే 1968లో కీటకనాశినుల చట్టం వచ్చింది. పేరులో కీటకాలే ఉన్నా తెగుళ్ల మందులు, కలుపు మందులు కూడా దాని జాబితాలోకి వస్తాయి.

ఆ చట్టం పనిని రెండు ముక్కలు చేసింది. ఏ మందు దేశంలో ఉండాలి, ఏ పంటకు వాడాలి అన్నది కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ తేలుస్తుంది. దాన్ని ఎవరు అమ్మాలి, షాపును ఎవరు తనిఖీ చెయ్యాలి అన్నది రాష్ట్ర వ్యవసాయ శాఖ చూస్తుంది. సినిమాతో పోలిస్తే తేలిగ్గా తెలుస్తుంది. సెన్సారు సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్ర బోర్డు. హాలుకు లైసెన్సు ఇచ్చేది ఇక్కడి అధికారి. గొడవలయ్యేలా ఉన్నాయని ఆయన కొన్నాళ్లు ఆట ఆపించగలడు గానీ సెన్సారు సర్టిఫికెట్‌ను రద్దు చెయ్యలేడు. రాష్ట్రం చేతిలో ఉన్నది ఆ "ఆట ఆపించే" అధికారం. చట్టంలో దాని చోటు 27వ సెక్షన్.

27వ సెక్షన్‌లో అసలు ఏముంది

ఒక మందు వాడకం వల్ల మనుషులకో పశువులకో ముప్పుందని, వెంటనే ఏదో ఒకటి చెయ్యక తప్పదని రాష్ట్ర ప్రభుత్వానికి అనిపిస్తే, కారణాలు రాసి, గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, దాని అమ్మకాన్నీ పంపిణీనీ వాడకాన్నీ ఆపొచ్చు. గడువు 60 రోజులు దాటకూడదు. అవసరమైతే మొత్తం మీద ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు.

పేపర్లో "60 రోజుల నిషేధం" అని హెడ్డింగ్ వస్తుంది. దాన్ని మనం ఏదో శిక్షలా, చిన్న నిషేధంలా చదువుకుంటాం. సెక్షన్‌లో దాని వెంటే ఒక షరతు ఉంది: "విచారణ జరుగుతున్నంతలో". అంటే ఆ 60 రోజులూ రుజువులు పోగుచేసి ఢిల్లీకి పంపడానికి ఇచ్చిన గడువు. రాష్ట్రం నివేదిక పంపితే, కేంద్రం రిజిస్ట్రేషన్ కమిటీతో సంప్రదించి, ముప్పు నిజమని తేలితే రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యొచ్చు, లేదని తేలితే వదిలెయ్యొచ్చు. శాశ్వత నిషేధమనేది ఆ రెండో మెట్టు మీద జరిగే పని.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. రాష్ట్రం యవత్మాల్‌లోనూ చుట్టుపక్కల పత్తి జిల్లాల్లోనూ ఐదు మందులను 60 రోజులు ఆపింది. వాటిలో మోనో ఒకటి. అదే మోనోక్రోటోఫాస్ వల్ల 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. 2005లోనే కూరగాయల మీద వాడకూడదన్నారు. మోనో 36 శాతం ఎస్ఎల్‌ను (నీళ్లలో కలిసే ద్రవ రూపం) ఆపుతూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది మాత్రం 2023లో. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎంత దూరమో ఈ ఏళ్లే చెబుతాయి.

తేదీలు వేసి చూస్తే నెల్లూరుకు ఏం మిగులుతుంది

రాష్ట్రం జూలై 15న పారాక్వాట్ మీద 27వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చిందనుకుందాం. ఖరీఫ్ ఊపందుకునే వేళ, పత్తి చేలల్లో కలుపు పెరిగే వేళ కాబట్టి ఎవరైనా ఆ రోజుల్నే ఎంచుకుంటారు. 60 రోజులు సెప్టెంబరు 12తో అయిపోతాయి. పూర్తి 30 రోజులు పొడిగిస్తే అక్టోబరు 12.

ప్రకాశం పడమటి మెట్టలో జూలై, ఆగస్టుల్లో పత్తి వేసిన రైతుకు కలుపుతో అసలు పని ఉండే రోజులు ఈ గడువులోనే పడతాయి. నెల్లూరు కాలెండరు అలా నడవదు. పెన్నా డెల్టాలో పెద్ద పంటకు అదను ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. సోమశిల నీళ్లొచ్చి, గట్లు చెక్కి, నాట్లు పడేది ఆ తర్వాతే. రెండో పంట, మన ఎడగారు, ఎండాకాలంలో మొదలవుతుంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు నాట్లూ ఇంచుమించు అక్టోబరు, నవంబరుల్లోనే. అంటే గట్ల మీద గడ్డి మాడ్చాల్సిన అవసరం నెల్లూరు రైతుకు వచ్చేసరికి జూలై ఉత్తర్వుకు ఆయుష్షు తీరిపోయి ఉంటుంది. అదే ఉత్తర్వు నవంబరు 1న ఇస్తే డిసెంబరు 30 దాకా, పొడిగిస్తే జనవరి 29 దాకా నిలుస్తుంది. అప్పుడు నెల్లూరుకు పనికొస్తుంది, మార్కాపురం పత్తికి పనికిరాదు.

అందరూ దాటిపోయే ఒక మాట సెక్షన్‌లోనే ఉంది. నిషేధం "ఏ ప్రాంతంలో, ఎంత మేరకు" అన్నది నోటిఫికేషన్‌లో రాసుకోవచ్చు. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ ఉండాలని లేదు. నెల్లూరుకు ఒక తేదీ, పడమటి ప్రకాశానికి ఒక తేదీ పెట్టినా చట్టం అడ్డు చెప్పదు. మహారాష్ట్ర జిల్లాల వారీగా ఇవ్వగలిగింది ఈ మాటను ఆసరా చేసుకునే. ఉత్తర్వు రాసేవాళ్ల బల్ల మీద జిల్లాల పంటల కాలెండరు ఉందా లేదా అన్నదే నాకు కనపడే తేడా.

ఇంకో చిక్కు షాపులో ఉన్న సరుకుది. రాష్ట్రం ఆపింది అమ్మకాన్ని. మందు రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. కాబట్టి పెట్టెలు గోడౌన్‌లో వెనక్కి జరుగుతాయి. గడువు తీరిన మర్నాడు అవే ముందుకొస్తాయి, అప్పుడు అది పూర్తిగా చట్టబద్ధమైన అమ్మకమే. "నిషేధించారుగా, ఎలా అమ్ముతున్నారు" అనే తగాదాల్లో కొన్ని ఈ తేదీల దగ్గర పుట్టినవే.

రాష్ట్రమే సొంతంగా చట్టం చేసుకుంటే?

వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది కదా అని చాలామంది అడుగుతారు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితాలోని 14వ అంశం వ్యవసాయంతో పాటు చీడపీడల నుంచి రక్షణను కూడా రాష్ట్రానికే ఇచ్చింది. ప్రజారోగ్యం 6వ అంశం, అదీ రాష్ట్రానిదే. కానీ "మందులు, విషాలు" అన్నది ఉమ్మడి జాబితాలో 19వ అంశం. పురుగుమందు పొలంలో పంటను కాపాడే సాధనం, సీసాలో విషం. దాన్ని విషంగా చూసినప్పుడు పార్లమెంటుకూ అధికారం ఉంటుంది, పార్లమెంటు ఆ అధికారాన్ని 1968లో వాడేసింది.

ఉమ్మడి జాబితా విషయంలో కేంద్ర చట్టమూ రాష్ట్ర చట్టమూ ఢీకొంటే 254వ అధికరణ ప్రకారం కేంద్రానిదే నిలుస్తుంది. దానికి ఒక మినహాయింపు ఉంది. రాష్ట్ర శాసనసభ చేసిన చట్టాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం తెచ్చుకుంటే, ఆ రాష్ట్రం వరకు అదే చెల్లుతుంది. పార్లమెంటు మళ్లీ దాన్ని మార్చే అధికారం ఉంచుకుంటుంది, అది వేరే సంగతి. కాబట్టి దారి మూసుకుపోలేదు, కాకపోతే అది కూడా ఢిల్లీ మీదుగానే వెళ్తుంది. రసాయన మందులు, ఎరువుల మీద సొంత చట్టం తెచ్చుకున్న రాష్ట్రంగా సిక్కిం కనపడుతుంది. 2014లో చట్టం చేసి వాటి రాకను ఆపింది. చిన్న కొండ రాష్ట్రం, రసాయనాల వాడకం ముందునుంచీ తక్కువే. మిరపా పత్తీ పొగాకూ పండే నేలకు దాన్ని నమూనాగా చూపడం అతుకుతుందో లేదో ఆలోచించాల్సిందే.

చట్టం దాకా వెళ్లకుండా రాష్ట్రాలు వాడే పక్కదారి లైసెన్సు. అమ్మే లైసెన్సు రాష్ట్రానిదే కాబట్టి ఫలానా మందుకు లైసెన్సు ఇవ్వం అనొచ్చు. పంజాబ్ 2018లో 20 మందుల విషయంలో ఇలాగే చేసింది. అదే ఏడు రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. కేరళ 2011లోనే పారాక్వాట్‌తో కలిపి 14 మందులను ఆపింది. బియ్యంలో మందు అవశేషాలున్నాయని బాస్మతి ఎగుమతులు వెనక్కి రాకుండా పంజాబ్ 2022లో ఒకసారి, 2023లో మరోసారి కొన్ని మందులను 60 రోజులు నిలిపింది. లైసెన్సు దారిని తప్పుపట్టేవాళ్ల వాదనలోనూ బలం ఉంది: కేంద్రం పరీక్షించి రిజిస్టరు చేసిన మందును లైసెన్సు వంకతో శాశ్వతంగా ఆపితే, 27వ సెక్షన్‌లో 90 రోజుల హద్దు ఎందుకు పెట్టినట్టు?

పొలంలో కొట్టే రైతు ఈ చట్టంలో ఎక్కడున్నాడు

అమ్మితే నేరం, మరి కొడితే? 38వ సెక్షన్ చదివేదాకా నేనూ కొట్టినా నేరమే అనుకున్నాను. ఒక వ్యక్తి తన ఇంటి అవసరానికో, పెరటి తోటకో, తన సాగులో ఉన్న భూమికో వాడుకునే మందుకు ఈ చట్టం వర్తించదని అందులో ఉంది. "తన సాగులో ఉన్న" అన్నారు, "తన సొంతమైన" అనలేదు. అంటే కౌలు రైతు కూడా ఆ మినహాయింపులోకి వస్తాడు. నిషేధం నోటిఫికేషన్‌లో "వాడకం" అన్న పదం ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, సొంత చేలో మందు కొట్టుకున్న రైతును ఈ చట్టం కింద పట్టుకోవడం కష్టం. చట్టం చూపంతా దుకాణం మీద, కంపెనీ మీద, మందు కొట్టించే వ్యాపారి మీద.

దీన్ని చట్టంలో చిల్లు అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. షాపాయన చేతికిచ్చిన డబ్బా కొట్టుకున్న రైతును జైల్లో పెట్టే చట్టం ఊళ్లో ఒక్కరోజు నిలవదు. అయితే దీనివల్ల ఒకటి జరుగుతుంది. ముందే కొని ఇంట్లో పెట్టుకున్న మందును రాష్ట్ర ఉత్తర్వు తాకలేదు. తడ దాటి తమిళనాడు నుంచి తెచ్చుకున్నదాన్నీ తాకలేదు. తమిళనాడు తనవంతుగా 2023 ప్రాంతంలో మోనో, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆరు మందుల మీద 60 రోజుల నిషేధం పెట్టింది. దాని ముఖ్య కారణం ఆత్మహత్యలు.

డాక్టర్లు, రైతులు, వ్యాపారులు: ఎవరి వాదన ఏమిటి

డాక్టర్లు శ్రీలంకను చూపిస్తారు. అక్కడ 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 తర్వాత పారాక్వాట్‌ను విడివిడిగా తీసేశారు. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. దక్షిణ కొరియా 2011, 2012ల్లో పారాక్వాట్‌ను ఆపాక పురుగుమందులతో జరిగే మరణాలు సగానికి పడ్డాయి. ఆ క్షణంలో చేతికందింది తక్కువ విషమైతే మనిషి ఆస్పత్రిలో బతుకుతాడన్నది వాళ్ల వాదన. రెండు చోట్లా పంట దిగుబడులు దెబ్బతిన్న జాడ కనపడలేదు. శ్రీలంక పేరెత్తగానే కొందరు 2021 సంగతి తెస్తారు. అది వేరే కథ. అప్పుడు రసాయన ఎరువులు, మందులు అన్నిటి దిగుమతినీ ఒక్కసారిగా ఆపి, వరి దిగుబడి పడిపోయి, కొన్ని నెలల్లోనే వెనక్కి తగ్గారు. ఒక మందును తీసేసి దాని స్థానంలో ఇంకోటి వాడుకోనివ్వడం, అన్నిటినీ ఒక్క రాత్రిలో తీసెయ్యడం ఒకటి కాదు.

రైతు వాదన కూలీ దగ్గర మొదలవుతుంది. సులువుగా ఉండేందుకు నేను వేసుకున్న అంకెలతో ఒక లెక్క చూడండి. ఎకరం నిమ్మ తోటలో కలుపు తీతకు ఆరుగురు ఆడకూలీలు, మనిషికి 400 అయితే 2,400 రూపాయలు. మందు డబ్బా 450, కొట్టే మనిషికీ పంపుకూ 700, మొత్తం 1,150. తేడా 1,250. ఏడాదికి మూడు తడవలు, ఐదెకరాలంటే 18,750 రూపాయలు. నిమ్మ ధర పడిపోయిన ఏడు ఆ డబ్బే కౌలులో ఒక వంతు కావచ్చు. పైగా పిలిచినప్పుడు కూలీ దొరకడమూ ఒక టెన్షనే. బ్రష్ కట్టరుతో కోస్తే గడ్డి పదిహేను రోజుల్లో మళ్లీ లేస్తుంది.

కంపెనీలు, డీలర్లు చెప్పేది ఇది: లేబుల్ మీద ఉన్నట్టు కొడితే మందు ప్రమాదం కాదు, తాగడం వాడకం కిందికి రాదు. రాష్ట్రానికో రూలు పెడితే నకిలీ సరుకు పెరుగుతుంది. ఇందులో "తాగడం వాడకం కాదు" అన్నది వట్టి వాదనగా తీసిపారేసేది కాదు. 27వ సెక్షన్ "వాడకం వల్ల ముప్పు" అంటుంది. విష ప్రమాదాల సమాచారం రాష్ట్రం తెప్పించుకోవడానికి వీలిచ్చే 26వ సెక్షన్ కూడా "వాడేటప్పుడు, పట్టుకునేటప్పుడు" జరిగిన వాటి గురించే మాట్లాడుతుంది. ఇంట్లో మందు ఉండటమే ముప్పులో భాగమని డాక్టర్లు అంటారు. 1968 నాటి ఆ మాటలు వాళ్ల వైపు పూర్తిగా మొగ్గవు. కొత్త చట్టం కోసం 2008లోనూ 2020లోనూ బిల్లులు రాజ్యసభకు వచ్చాయి. ఆ రెండూ చట్టం కాలేదు.

చీటీలో రాసే రెండు మాటలు

60 రోజులు విచారణకే అయితే ఆ విచారణకు కావాల్సింది ఏ మందు ఎంతమందిని ఏం చేసిందన్న కాగితం. అది ఆస్పత్రి చీటీ దగ్గర పుట్టాలి. హడావుడిలో మనిషిని ఆటోలో వేసుకుని వస్తారు, సీసా గట్టు మీదే ఉండిపోతుంది. ఏం మందు అని డ్యూటీలో ఉన్నాయన అడిగితే "గడ్డి మందండీ" అంటారు. ఆయన అదే రాసుకుంటాడు. ఆ రెండు మాటల్లో ఉన్నది విరుగుడు లేని పారాక్వాటో, వేరే చిక్కులు తెచ్చే గ్లైఫోసేటో చెప్పడానికి రక్త, మూత్ర పరీక్షలు కావాలి, లేదా సీసా కావాలి. గెజిట్ నోటిఫికేషన్‌లో మాత్రం "గడ్డి మందు" అని రాయడానికి లేదు. "పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్ఎల్" అని రాయాలి, దానికి కారణాలూ రాయాలి.